నూట పన్నెండో పేజీ

మా వదిన గురించి రాయాలంటే ముందు ఆవిడ వీపు గురించి రాయాలి. మా ఇంటికి వచ్చిపోయే చదువుకున్నవాళ్లంతా ఆవిడలో చూసింది అదొక్కటే. ఇంటి ముందు గది అన్నయ్య టైపింగ్ షాపు. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ మీద ‘ఉన్నది ఉన్నట్టు’ అని ఎర్ర అక్షరాల బోర్డు. దాని వెనక ఒక తెర. తెర వెనక చిన్న గదిలో, కాగితాల అలమారా వైపు ముఖం పెట్టుకుని వదిన పంతొమ్మిదేళ్లుగా టైపు చేస్తోంది. గాలికి తెర తొలగినప్పుడు వచ్చినవాళ్లకు ఒక జడ, ఒక కుర్చీ, నడుముకు ఆనించుకునే దిండు కనిపిస్తాయి.

ఆ తెర కట్టింది టైపు మెషీన్ చప్పుడు ముందు గదిలోకి రాకూడదని. కంప్యూటరు వచ్చాక చప్పుడు పోయింది, తెర మాత్రం ఉండిపోయింది. నెలకోసారి దాన్ని ఉతికి మళ్లీ కట్టేది నేనే కాబట్టి ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

నేను అన్నయ్యకు చెల్లెల్ని. పెళ్లయిన రెండేళ్లకు అక్కడ ఇమడలేక పెట్టె సర్దుకుని వచ్చేశాను. వచ్చిన రోజు అన్నయ్య వంద ప్రశ్నలు వేశాడు. వదిన ఒక్కటీ వెయ్యలేదు, నా చేతిలో పెట్టె అందుకుని లోపల పెట్టింది. నా నోటికి జడవనివాళ్లు మా వీధిలో లేరు. ఆ నోరు వదిన మీద మాత్రం ఇంతవరకు లేవలేదు.

విశ్వవిద్యాలయం మాకు రెండు వీధుల అవతల ఉంది. అక్కడ పరిశోధన చేసే పిల్లలు చేత్తో రాసుకున్న కట్టలు తెచ్చి అన్నయ్యకిస్తారు. అన్నయ్య తెర పక్కకి జరిపి వదినకిస్తాడు. టైపు అయ్యాక ఇద్దరం వంటింటి గడప దగ్గర కూర్చుని సరిచూస్తాం. రాతప్రతి చూసి నేను పైకి చదువుతాను, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. వదిన టైపు కాగితం మీద పెన్సిలు పెట్టుకుని వింటుంది. చేపల మొప్పలు, మట్టిలో ఉప్పు, పన్నుల చట్టం, గుడ్లగూబల తిండి, ఇలా లోకంలో ఉన్న చదువంతా మా గడప మీదుగానే పోయింది. నాకైతే ఆ చెవిన విని ఈ చెవిన వదిలెయ్యడమే. వదిన దగ్గర అన్నీ నిలిచేవి.

ఒకసారి చేపల థీసిస్‌లో ఒక పట్టిక దగ్గర వదిన పెన్సిలు ఆగింది. “చెరువులో పట్టినవి ఎనభై అంటున్నాడు, కోసి చూసినవి ఎనభై ఆరంటున్నాడు. ఆ ఆరూ ఎక్కడివి?” అంది. నేను అన్నయ్యకు చెప్పాను, అన్నయ్య ఆ అబ్బాయికి చెప్పాడు. అబ్బాయి లేచి నిలబడి దండం పెట్టినంత పని చేశాడు. “సార్, మీరు ప్రొఫెసర్ కావాల్సినవారు సార్!” అన్నాడు. అన్నయ్య మొహమాటంగా నవ్వి ఊరుకున్నాడు. భార్య కనిపెట్టిందన్న సంగతి దాచాలని కాదు. చెప్పాలన్న సంగతి ఆయనకు తట్టలేదంతే.

మా అన్నయ్య చెడ్డవాడని ఎవరైనా అంటే ముందు నేనే వాళ్ల నోరు మూయిస్తాను. పొద్దున పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి తన చేత్తో టీ పెట్టి వదిన బల్ల మీద ఉంచుతాడు. ఆవిడ మణికట్లు నొప్పెడితే మందు రాసి గుడ్డ కడతాడు. ఆ నడుము దిండు కూడా ఆయన దగ్గరుండి కుట్టించిందే. కాలేజీలో సాహిత్యం చదివి క్లాసులో అందరికంటే ముందున్న మనిషి, పై చదువు చదవాలనుకున్న వదిన, తన షాపు పనికి పరిమితమైపోయిందన్న సంగతి కూడా ఆయనకు తెలుసు. “మా ఆవిడకి చదువంటే ఇష్టం, అందుకే ఈ పని హాయిగా ఉంది తనకి,” అంటూ ఉంటాడు. నిజంగా అలాగే నమ్మాడు.

వదినకు పిల్లల్లేరు. వీధిలోవాళ్లకు ఆవిడ ఏం చేసినా కారణం అదే. కుండీలకు నీళ్లు పోస్తే పాపం పిల్లల్లేకే. గట్టిగా నవ్వితే పాపం పైకి అలా నవ్వుతుంది. పని తొందరలో ఎవరినీ పలకరించకపోతే అయ్యో మరీ పాపం. ఆ బాధ ఆవిడకు లేదని నేననను. కానీ మనిషికి ఉన్న బాధలన్నీ తీసుకెళ్లి ఒకే మూటలో కట్టేస్తే మిగతావి ఎవరికి చెప్పుకోవాలి? ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటి రోజుల్లో ఒక ఎండాకాలం ఒక అమ్మాయి వచ్చింది. మోకాళ్లదాకా వేలాడే సంచీ, ఊపిరి తీసుకోకుండా మాటలు. అమెరికావాళ్ల పాత కథ ఒకదాన్ని పట్టుకుని, అందులోని ప్రతీకల మీదా అణిగిపోయిన ఆడతనం మీదా నాలుగేళ్లు పరిశోధన చేసిందట. కథ పట్టుమని పదిహేను పేజీలు లేదు, ఈ అమ్మాయి రాసింది మూడు వందల పేజీలు. ఆ మూడు వందల పేజీల్లో ఏ వస్తువుకూ తనంతట తాను బతికే హక్కు లేదు, ప్రతీదీ మరోదానికి గుర్తు. మేమిద్దరం ఆమెకు గుర్తుల పిల్ల అని పేరు పెట్టుకున్నాం.

కథ ఇది. ఎక్కడో మారుమూల రైలు గేటు దగ్గర ఒక కాపలాదారు, అతని భార్య ఉంటారు. గేటు మీద దీపం పెట్టడం అతని ఉద్యోగం. పదకొండేళ్లుగా ఆ దీపం గాజు తుడిచి, వత్తి కత్తిరించి సిద్ధం చేసేది మాత్రం ఆమె. ఒకరోజు పై అధికారి వచ్చి దీపం చూసి, “ఈ లైను మొత్తం మీద ఇంత తేటగా ఉన్న గాజు చూడలేదు, ఎలా తుడుస్తావు?” అని అడుగుతాడు. “ఏముంది సార్, నీళ్లతో కడిగేస్తాను,” అంటాడు భర్త. తలుపు చాటున ఉన్న ఆమె అది వింటుంది. అధికారి వెళ్లిపోయాక రోజూలాగే పాత కాగితం నలిపి ఉండ చేసి గాజు తుడుస్తుంది. తుడుస్తూ ఏడుస్తుంది. అంతటితో కథ అయిపోతుంది.

గుర్తుల పిల్ల రాసిన ప్రకారం గాజు అంటే పెళ్లి, వత్తి అంటే కోరిక, మసి అంటే సమాజం, పట్టాలంటే ఎప్పటికీ కలవని రెండు జీవితాలు. వంటింట్లో నేను గరిటె పైకెత్తి, “వదినా, ఇది దేనికి గుర్తు?” అనేదాన్ని. “ఆకలికి,” అనేది వదిన. “చీపురు?” అంటే, “నువ్వు నిన్న ఊడవలేదని గుర్తు,” అనేది. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం.

మూడో అధ్యాయం టైపు చేసిన రోజు మాత్రం వదిన నవ్వలేదు. ఆ అధ్యాయం చివర గుర్తుల పిల్ల తేల్చింది ఏమిటంటే, ఆ ఇల్లాలు కార్చిన కన్నీళ్లు పుట్టని బిడ్డల కోసమని. కథలో ఆమెకు పిల్లల్లేరు, కాబట్టి అంతేనట. వీధి చివర పంపు దగ్గర వినే మాటే అట్ట వేసుకుని విశ్వవిద్యాలయం నుంచి కూడా వచ్చిందని నేను గొణిగాను.

గడువు దగ్గర పడింది. అలాంటప్పుడు మా పద్ధతి ఏమిటంటే, నాలుగు కాపీలూ ముందే తీసేసి, తర్వాత సరిచూసి, తప్పున్న పేజీలు మాత్రం కొత్తవి పెట్టడం. ఆ రోజు నాకు గొంతు పట్టేసింది. అందుకని పని తారుమారు చేసుకున్నాం. వదిన రాతప్రతి పట్టుకుని చదువుతోంది, నేను టైపు కాగితం మీద వేలు పెట్టుకుని వింటున్నాను. నూట పన్నెండో పేజీ దగ్గర మూడో అధ్యాయం అయిపోయింది. వదిన చదవడం ఆపింది. నా కాగితం మీద ఇంకా ఆరు వరుసలు ఉన్నాయి.

“ఈ ఇల్లాలు పుట్టని బిడ్డల కోసం ఏడ్చిందని కథలో ఎక్కడా లేదు. పదకొండేళ్లుగా తాను చేస్తున్న పని గురించి మొదటిసారి ఒకరు అడిగారు. అడిగింది తనను కాదు. చెప్పిన జవాబు నిజం కాదు. నీళ్లతో కడిగితే గాజుకు చార పడుతుందని ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆమె ఏడ్చింది అందుకు.”

నేను తలెత్తేసరికి వదిన ముఖం ఎర్రబడి ఉంది. “అధ్యాయం కింద అర పేజీ ఖాళీగా ఉంది. కాగితం మీద ఎలా ఉంటుందో చూద్దామని కొట్టాను. తీసేద్దామనుకునేలోపు మీ అన్నయ్య కాపీలు తీసేశారు,” అంది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ ఒక కామా కూడా సొంతంగా పెట్టలేదు. ఆ ఆరు వరుసలు చదివితే నాకు ఏడుపొచ్చింది, గొంతు పట్టేయడం వల్ల బయటికి రాలేదు.

వెంటనే కొత్త నూట పన్నెండో పేజీ నాలుగు కాపీలు తీసి నా చేతికిచ్చింది, పాతవి తీసి ఇవి పెట్టమని. బైండింగు అతను గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. నేను మూడు కాపీల్లో మార్చాను. నాలుగోదాంట్లో మార్చలేదు. తొందరలో మర్చిపోయానని తర్వాత అందరికీ చెప్పాను. ఇక్కడ మాత్రం నిజమే రాస్తాను. నాలుగో కాపీ తెరిచి, ఆ పేజీ చూసి, మళ్లీ మూసేశాను. ఆ పిల్లకు ఏం జరుగుతుందని ఆలోచించలేదు. అంత మంచి మాట ఒక్కచోటైనా బతికి ఉండాలనిపించింది.

మూడు నెలల తర్వాత ఒక మంగళవారం గుర్తుల పిల్ల సుడిగాలిలా వచ్చి బల్ల మీద థీసిస్ దబ్బున పడేసింది.

“నా కొంప ముంచారు సార్!” అంది అన్నయ్యతో. “నిన్న నా వైవా. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకురాలు ఈ కాపీలో నూట పన్నెండో పేజీ తీసి పైకి చదివారు. థీసిస్ మొత్తంలో ప్రాణం ఉన్నవి ఈ ఆరు వరుసలేనమ్మా, వీటి గురించి చెప్పు అన్నారు. నా కాపీ తిరగేస్తే అందులో ఆ వరుసలే లేవు. నోట మాట రాలేదు నాకు. సగంలో ఆపేసి గురువారం మళ్లీ రమ్మన్నారు. నేను రాయనివి ఇందులోకి ఎలా వచ్చాయి?”

అన్నయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. “వేరేవాళ్ల కట్టలో పేజీ కలిసిపోయిందేమో అమ్మా,” అన్నాడు.

“వేరేవాళ్ల కట్టలో కూడా గేటు దీపమే ఉందా సార్?”

అన్నయ్య ఆ పేజీ తీసుకుని పెదాలు కదుపుతూ చదివాడు. చదివి తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. ఈ మాట బయటికి పొక్కితే విశ్వవిద్యాలయం నుంచి ఒక్క కట్ట కూడా మా గుమ్మం తొక్కదు. ఆ పిల్ల చదువు కూడా మట్టికొట్టుకుపోతుంది. తెర వెనక వినీవినపడని కీబోర్డు చప్పుడు కూడా ఆగిపోయింది.

“నేనే రాశానమ్మా,” అన్నాడు అన్నయ్య. “బుద్ధి గడ్డి తిని రాశాను. తప్పంతా నాది.”

భార్యను కాపాడుకోవాలనే అన్నాడు. అందుకు ఆయన మీద ప్రేమ పొంగింది, ఆ మాటతో ఆ ఆరు వరుసలు కూడా ఆయన ఖాతాలోకే పోయాయని ఒళ్లు మండింది. రెండూ ఒకేసారి.

“సరే సార్,” అంది గుర్తుల పిల్ల. కోపం కొంచెం దిగింది, కన్నీళ్లు మొదలయ్యాయి. “మీరే రాశారు కదా, మీరే చెప్పండి. ఆవిడ అసలు ఎందుకేడ్చింది? గురువారం నేనేం చెప్పాలి?”

అన్నయ్య ఆ పేజీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. “అంటే... దీపం కదమ్మా. మసి ఉంటుంది కదా. తుడిచేటప్పుడు కళ్లలో పడి ఉంటుంది.”

తెర పక్కకి జరిగింది. వదిన వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

“ఆ వరుసలు నావి,” అంది.

గుర్తుల పిల్ల ఆవిడ ముఖం చూడటం అదే మొదటిసారి. “మీరా? మీరు... టైపు చేసేది మీరా?” అంది. వెంటనే గొంతు పెంచింది. “నా థీసిస్‌లో మీరు రాయడమేంటి ఆంటీ? నాలుగేళ్లు కష్టపడ్డాను నేను!”

“తప్పే. నీ పనిలో చెయ్యి పెట్టాను, అది తప్పు. ఎవరి ముందు ఒప్పుకోమన్నా ఒప్పుకుంటాను. రాసిన మాట మాత్రం తప్పు కాదు.”

“ఎందుకు కాదు?”

వదిన బల్ల మీది థీసిస్ మీద చెయ్యి ఉంచింది. “కథలో ఉన్న వస్తువులన్నిటినీ అడిగావమ్మా నువ్వు, నువ్వు దేనికి గుర్తు, నువ్వు దేనికి గుర్తు అని. ఆవిడ్ని మాత్రం అడగలేదు. గాజంటే ఆవిడకి గాజే. పదకొండేళ్లు తుడిస్తే ఎక్కడ మందమో ఎక్కడ పలచనో చేతికి తెలిసిపోతుంది. తెలిసింది ఎవరికైనా చెప్పాలని ఉంటుంది. ఎవరో ఒకరు అడక్కపోతారా అని చూస్తుంటుంది. ఆ అడిగేవాళ్లు వచ్చారు, వచ్చి పక్కవాళ్లని అడిగి వెళ్లిపోయారు. ఇంక మళ్లీ రారు. దానికి ఏడుపు రాదా? దీనికి కూడా పిల్లల్నే తేవాలా?”

గుర్తుల పిల్ల సంచీలోంచి పుస్తకం తీసింది. రాసుకుంటుందేమో అనుకున్నాను. మళ్లీ లోపల పెట్టేసింది. “ఇది నాకెందుకు తట్టలేదు?” అని తనలో తను అనుకుని, థీసిస్ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వంటింట్లో నేను వదిన కాళ్లమీద పడ్డంత పని చేశాను. “నాలుగో కాపీలో ఆ పేజీ నేను కావాలనే మార్చలేదు వదినా,” అన్నాను.

“తెలుసు,” అంది. “పాత పేజీలు చింపి పారేసేటప్పుడు మూడే వచ్చాయి.”

“మరి అప్పుడే అడగలేదేం?”

“అడిగితే నువ్వు తెచ్చి ఇచ్చేసేదానివి,” అంది వదిన, కూరగాయలు తరుగుతూ.

గురువారం మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అన్నయ్య షాపు తీశాడు కానీ ఎవరు వీధిలో నడిచినా ఉలిక్కిపడి చూశాడు. శుక్రవారం కూడా కబురు లేదు. శనివారం గుర్తుల పిల్ల వచ్చింది. అన్నయ్య బల్ల దాటి నేరుగా తెర దగ్గరికి వెళ్లి, “లోపలికి రావచ్చా ఆంటీ?” అని అడిగింది.

జరిగింది దాచకుండా చెప్పింది. పరీక్షకురాలి ముందు, ఈ వరుసలు నావి కావు, టైపు చేసిన ఆవిడవి అని ఒప్పుకుందట. వదిన చెప్పింది విన్నాక తన మూడో అధ్యాయం తనకే నచ్చలేదని కూడా చెప్పిందట. పట్టా ఇచ్చారు. షాపు మీద ఫిర్యాదు రాయలేదు. కానీ ఒక షరతు. అభ్యర్థి రాయని మాట థీసిస్‌లో ఉండకూడదు, కాబట్టి బైండింగు విప్పి ఆ పేజీ తీసేసి, ఆ ఆరు వరుసలు లేని పేజీ పెట్టాలి.

“ఈ పాత పేజీ పారెయ్యొద్దన్నారు పరీక్షకురాలు. ఎవరిదో వాళ్లకి ఇచ్చెయ్యమన్నారు,” అని గుర్తుల పిల్ల ఆ కాగితం వదిన చేతిలో పెట్టింది. ఆరు వరుసల పక్కన పెన్సిలుతో ఒక నిలువు గీత ఉంది. వదిన దాన్ని కాసేపు చూసి మడిచి పెట్టుకుంది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, తన మాటలు లేని నూట పన్నెండో పేజీని తన చేత్తోనే మళ్లీ తీసి ఇచ్చింది. అర పేజీ ఖాళీగా, తెల్లగా వచ్చింది. ఇవ్వాల్సిందేనని నాకు తెలుసు. అయినా ఆ ఖాళీ వైపు చూడలేకపోయాను.

ఆ పిల్ల వెళ్లిపోయాక నాలుగయింది. అన్నయ్య టీ పట్టుకొచ్చాడు. రోజూ కప్పు పెట్టి వెళ్లిపోయే మనిషి, ఆ రోజు వెళ్లలేదు. మంగళవారం నుంచి ఆయన మనసులో ఏదో నములుతూనే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను.

“ఏమోయ్,” అన్నాడు చివరికి. “ఆ గేటు కాపలా అతను... అంత చెడ్డవాడంటావా?”

వదిన వెనక్కి తిరిగి చూసింది. “చెడ్డవాడు కాదండీ. చాలా మంచివాడు. చెడ్డవాడైతే ఆవిడ ఆ రోజే తలుపు తోసుకుని బయటికొచ్చి, నీళ్లతో కాదు సార్ అని గట్టిగా చెప్పేసేది. మంచివాడు కాబట్టే నోరు రాలేదు.”

అన్నయ్య కూర్చుందామని అటూ ఇటూ చూశాడు. ఆ గదిలో రెండో కుర్చీ ఎప్పుడూ లేదు. గోడ వారన ఉన్న కాగితాల కట్ట మీద కూర్చున్నాడు.

“సరే, చెప్పు,” అన్నాడు.

“ఏం చెప్పమంటారు?”

“నాకు తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?” అన్నాడు అన్నయ్య.